ఫిడెల్మా ఓట్లడిగిన ఆదివారం

"ప్రొఫెసర్ పని అడగడానికి పోయే మనిషి బంగాళాదుంపల తొక్క తీసి పోకూడదని ఏ చట్టంలో రాసుందో చెప్పమ్మా, నేనూ తెలుసుకుంటాను" అంది అత్తగారు డెలియా, దుంపల గిన్నె తెచ్చి ఫిడెల్మా ముందు పెడుతూ.

అలా ఏ చట్టంలోనూ రాసిలేదు కాబట్టి ఫిడెల్మా చాకు అందుకుంది. అప్పుడే చర్చిలో ఆదివారం పూజ నుంచి వచ్చారు. తల మీది రుమాలైనా విప్పలేదు. కోటు విప్పితే డెలియా కళ్ళు ఎక్కడ పడతాయో తెలుసు కనుక, వంటింట్లో పొయ్యి భగభగమంటున్నా చలి వేస్తోందని చెప్పి కోటుతోనే నిలబడింది. పొద్దున లంగా కొక్కెం పెట్టుకోబోతే రెండు కొసలూ కలవలేదు. పిన్నీసుతో సరిపెట్టి, మీద వదులు స్వెటరు, దానిమీద కోటు. నాలుగో నెల. ఇంకో వారం గడిస్తే ఏ కోటూ దాచదు. ఎన్నిక శుక్రవారం. ఈ ఒక్క వారం తన పొట్ట తన మాట వింటే చాలు. తొక్కలు పొడుగ్గా తెగి నీళ్ళలో పడుతున్నాయి.

"అంత మందంగా తీస్తే దుంపలో ఏం మిగులుతుంది? లెక్కలు చెప్పేదానివి, ఆపాటి లెక్క తెలియదూ?" అంది డెలియా. కొడుకు చొక్కా కాలరు ఇస్త్రీ చేసినప్పుడు కూడా ఇదే మాట. పాల బిల్లు చూసినప్పుడూ ఇదే. ఈ ఇంట్లో ఫిడెల్మా చదువు పనికొచ్చేది ఒక్క ఎత్తిపొడుపుకే.

ఐర్లండు పడమటి తీరంలో, ఆ చిన్న ఊరి కాలేజీలో గణితానికి ప్రొఫెసరు ఎవరన్నది గణితం తెలిసినవాళ్ళు తేల్చరు. పాలకమండలి తేలుస్తుంది. అందులో బిషప్పు గారి మనుషులు, జిల్లా పరిషత్తు పెద్దలు, ఊళ్ళో ఇంత ఆస్తి ఉన్న వర్తకులు. పశువులు అమ్మేవాడు, శవపేటికలు అమ్మేవాడు, రిటైరైన బడి ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం కావాలన్నవాళ్ళు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, టోపీ చేతబట్టుకుని, టీ తాగి, ఓటు అడగాలి. అలా అడగాలని ఎక్కడా రాసి లేదు. అడగకపోతే మాత్రం "ఏం పొగరు!" అంటారు, అక్కడితో ఆ పేరు చెల్లు. ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఈమధ్యే దిగిన కానరీ గారు కూడా ఆ రోజుల్లో సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగినవాడే. ఆ సంగతి ఆయన గొప్పగా చెప్పుకునేవాడు, తన సిద్ధాంతాల గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు గనక.

కానరీ గారికి నడుము నొప్పి వచ్చిన చలికాలాలన్నిటా ఆయన క్లాసులు ఫిడెల్మా చెప్పింది. ఆయన పెట్టాల్సిన ప్రశ్నపత్రాలు ఫిడెల్మా పెట్టింది. అధ్యాపకుల సమావేశంలో టీ కెటిల్ ఎవరి ముందుకు జరిగేదో చెప్పనక్కర్లేదు. సమరూపాల మీద ఆమె రాసిన వ్యాసం జర్మనీ వాళ్ళు, రష్యా వాళ్ళు చదివి ఉత్తరాలు రాస్తే, కానరీ గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "చక్కగా ఉందమ్మా, నీ నిరూపణ. లేసు అల్లినట్టుంది. మా ఆవిడ కూడా బాగా అల్లుతుంది" అన్నాడు. పొగిడానని అనుకున్నాడు పాపం. ఆ రాత్రి ఆమె ఆ మాటనే తలుచుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక ఫింటన్‌తో చెప్తే, ఫింటన్ నిజంగానే నవ్వాడు. తర్వాత దగ్గరికి తీసుకున్నాడు. ఫింటన్ మంచివాడు. బ్యాంకులో పనిచేస్తాడు, తాగడు, గొంతు పెంచడు, ఆదివారాలు ఆమెకు మంచం మీదికే టీ తెచ్చి ఇస్తాడు. ఇలాంటి మొగుడు దొరకడం అదృష్టమని ఊరంతా అంటుంది. ఫిడెల్మా కూడా అంటుంది.

ఈసారి పోటీలో ఉన్నది ఇద్దరే. ఫిడెల్మా, ఇంకొకరు అదే కాలేజీలో లెక్కలు చెప్పే ఫాదర్ లావెల్. ఆయన ఎవరింటికీ తిరగనవసరం లేదు. ఆయన తరఫున బిషప్పు గారి ఇంటినుంచి మాట వెళ్తుంది. అయినా మండలిలో సగంమంది, ఈసారన్నా చదువు చూద్దామని గొణుగుతున్నారని డీన్ గారి గుమాస్తా రహస్యంగా చెప్పింది. ఓట్లు ఇటూ అటూ సమంగా ఉన్నాయిట. మూడిళ్ళు మిగిలాయి. శవపేటికల గెరటీ, ఇన్‌స్పెక్టరు గారు, అందరికంటే ముఖ్యంగా కొండ అవతల పశువుల టైనన్. అతను ఎటు మొగ్గితే కుర్చీ అటు. పెళ్ళయిందన్న సంగతి వాళ్ళు ఎలాగో మింగారు. కడుపుతో ఉందని తెలిస్తే మాత్రం ఇక ఏ మాటా వినరు. "ముందు పురుడు పోసుకోమ్మా, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత అన్నది ఈ దేశంలో ఏ ఆడదానికీ రాలేదు.

అందుకే ఆమె ఈ రహస్యాన్ని తన పద్ధతిలోనే కాపాడుకుంటూ వచ్చింది. నిరూపణలో ఒక్కో సందర్భాన్నీ విడివిడిగా పరిశీలించి మూసేసినట్టు, ఎవరి ద్వారా బయటపడొచ్చో ఒక్కొక్కరినే తలచుకుంది. డాక్టరు చెప్పడు, ఒట్టు వేశాడు. అత్తగారికి తెలియదు, అనుమానం ఉంటే ఉండొచ్చు. క్లాసులో అందరూ మగపిల్లలే, వాళ్ళకి తల్లి కడుపు కూడా గుర్తుండదు. మగ పెద్దలు చూసినా తెలుసుకోరు. భయమంతా వాళ్ళ భార్యలతోనే. ఏడెనిమిది మందిని కన్న ఆడవాళ్ళు, మనిషి కుర్చీలో కూర్చునే తీరు చూసి నెల చెప్పేస్తారు.

దీని వెనక ఇంకో భయం ఉంది, దాన్ని ఆమె పైకి తలచుకోదు. రెండు చలికాలాల కింద, క్లాసు మధ్యలో, బోర్డు మీద నిరూపణ సగంలో ఉండగా కడుపులో ఏదో తెగినట్టయింది. కాళ్ళమీదుగా వెచ్చగా దిగుతోంది. వెనక్కి తిరిగితే పిల్లలు చూస్తారు. తిరక్కుండా మిగిలిన మూడు వరుసలూ రాసింది. "రాసుకోండి, ఇవాళ్టికి ఇంతే" అని, గోడ పక్కనుంచే నడిచి వెళ్ళిపోయింది. కాలేజీలో ఆడవాళ్ళకి మరుగు వేరే భవనంలో ఉంది. మధ్యనున్న ముంగిలి దాటడం ఆమెకి ఇప్పటికీ కలల్లో వస్తుంది. "బోర్డు ముందు గంటలకొద్దీ నిలబడే మనిషికి దేవుడు బిడ్డని ఎలా నిలబెడతాడు?" అంది డెలియా ఆసుపత్రి మంచం పక్కనే. ఫింటన్ ఏమీ అనలేదు, ఆమె చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అందుకే ఈసారి అతనికి మొట్టమొదట చెప్పింది. "ఎన్నిక అయ్యేదాకా ఎవరికీ చెప్పకు. మీ అమ్మకి కూడా" అంటే, అతను ఆమె నుదురు ముద్దు పెట్టుకుని, "నా నోట్లోంచి మాట రాదు" అన్నాడు.

దుంపలు నీళ్ళలో వేసి, చెయ్యి తుడుచుకుని బయటికి వచ్చేసరికి ఫింటన్ కారు వేడెక్కించి ఉంచాడు. సీటు మీద ఉన్ని దుప్పటి, కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సంచి. "గతుకుల్లో మెల్లగా నడుపుతాలే" అన్నాడు. నడిపాడు కూడా. ప్రతి గుంట దగ్గరా ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

గెరటీ దుకాణంలో ముందు గదిలో సారా, నడిమి గదిలో మేకులూ సుత్తులూ, వెనక గదిలో శవపేటికలు. పుట్టుక తప్ప మనిషికి కావాల్సినవన్నీ దొరుకుతాయని అతనే నవ్వుతూ అంటుంటాడు. ఇవాళ నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"రండమ్మా, రండి. ఏమేవ్, ఆ కుర్చీ పొయ్యి దగ్గరికి జరుపు. అది కాదే, చేతులున్నది."

గెరటీ భార్య కుర్చీ జరిపింది. జరిపి ఊరుకోకుండా, వద్దన్నా వినకుండా వీపు వెనక దిండు పెట్టింది. దిండు ఎందుకు? చూసేసిందా? కోటు బొత్తాములన్నీ ఉన్నాయా? చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోతుంటే లాగి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత టీ వచ్చింది. అందరికీ పంది మాంసం, వెన్న రాసిన రొట్టె పెట్టి, ఆమెకొక్కదానికే ఎండు రొట్టె ముక్క, అల్లం బిస్కట్టు పెట్టింది ఆవిడ. మాంసం వాసన పడని సంగతి ఈవిడకి ఎలా తెలుసు? తను చెప్పాలనుకున్నవి, కాలేజీలో ఏం చేసింది, ఏం చేయబోతోంది, అప్పజెప్పినట్టు చెప్పింది. గెరటీ ఆమె మొహం వంక చూడకుండా, గోడ మీది ఏసు తిరుహృదయ పటం ముందు వెలుగుతున్న ఎర్రదీపాన్ని చూస్తూ విన్నాడు.

"మీరేం శ్రమపడొద్దమ్మా. ఏది మంచిదో అదే జరుగుతుంది. మేమంతా లేమూ?" అన్నాడు.

కారులోకి రాగానే ఫింటన్ దుప్పటి కప్పాడు. "ఎలా మాట్లాడాడు?"

"మెత్తగా మాట్లాడాడు. ఎక్కువ మెత్తగా. ఆవిడ నాకు దిండు వేసింది ఫింటన్."

"మర్యాదకి వేసుంటుంది. నువ్వు ప్రతిదానికీ భయపడతావు" అని కారు తీశాడు.

ఇన్‌స్పెక్టరు గారంటే జిల్లా మొత్తం మీద టీచర్లకి హడల్. అభ్యర్థుల్ని నిలబెట్టి ప్రశ్నలు వేస్తాడని, ఐరిష్ భాషలో గణితం చెప్పమని ప్రాణం తీస్తాడని పేరు. ఫిడెల్మా వాటన్నిటికీ సిద్ధపడి వెళ్ళింది. దారి పొడుగునా కలన గణితాన్ని ఐరిష్‌లో పెదవుల మీద అనుకుంటూనే వెళ్ళింది. ఇంటి పని ఎవరు చేస్తారని అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకుంది. ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. కూర్చోబెట్టి, తన తల్లి తొమ్మిది మందిని ఎలా పెంచిందో చెప్పుకొచ్చాడు. "చదువుకోలేదు. సంతకం రాదు. అయితేనేం, మా ఇంట్లో ఆవిడని మించిన ప్రొఫెసరు లేదు. తల్లి కావడాన్ని మించిన పదవి ఏముందమ్మా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆయన తన తల్లి గురించే చెప్తున్నాడని, ఇందులో వేరే అర్థం లేదని ఫిడెల్మా తనకి తనే నచ్చజెప్పుకుంది. సెలవు తీసుకుని లేచింది. ప్రశ్నలు వేసేవాడు ప్రశ్న వేయకపోతే, జవాబు అతనికి ముందే తెలిసుండాలి. అది ఆలోచించడానికే ఆమెకి ధైర్యం చాలలేదు.

కొండ ఎక్కుతుంటే కడుపులో తిప్పింది. ఫింటన్ గబుక్కున కారు ఆపి, దిగి వచ్చి, రాతిగోడ పక్కన ఆమె వాంతి చేసుకుంటున్నంతసేపూ నుదురు పట్టుకున్నాడు. తన రుమాలుతోనే మూతి తుడిచాడు. గాలికి ఇద్దరూ ఊగిపోతున్నారు.

"ఇక చాలు ఫిడెల్. ఇంటికి పోదాం. టైనన్ దగ్గరికి పోకపోతే ఏం మునిగిపోదు. నీకంటే ఎక్కువా ఆ కుర్చీ?"

"టైనన్ ఓటు లేకపోతే కుర్చీ లేదు. నీకు తెలుసుగా."

"తెలుసు" అన్నాడతను.

అతని మొహంలో అంత దిగులు చూసి ఆమెకే జాలేసింది. తన వల్ల ఇతనికి ఎంత కష్టం అనుకుంది. బ్యాంకులో మేనేజరు ఇతన్ని "ఏమోయ్, ప్రొఫెసరమ్మ గారి మొగుడా" అని పిలుస్తున్నాడని ఈమధ్యే తెలిసింది. అది కూడా అతను చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్పారు. అన్నీ కడుపులో పెట్టుకుంటాడు.

టైనన్ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం వాలిపోతోంది. వాకిట్లో ఆవులు, బురద, రెండు కుక్కలు. ఫింటన్ ఎప్పటిలాగే కారులోనే ఉండిపోయాడు. తలుపు తీసింది టైనన్ భార్య విన్నీ. సన్నగా, పొడుగ్గా, జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి. చేతులకి పిండి. కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి. ఆ కళ్ళు ఫిడెల్మా మొహం మీదినుంచి కిందికి దిగి, కోటు నడిమి బొత్తాము దగ్గర ఆగి, మళ్ళీ పైకి వచ్చాయి. అయిపోయింది అనుకుంది ఫిడెల్మా. పారిపోవాలనిపించింది.

లోపల టైనన్ పొయ్యి ముందు బూట్లు విప్పి కూర్చుని ఉన్నాడు. ఎర్రటి పెద్ద మనిషి. ఆమెని చూసి గాభరాగా కాళ్ళు బల్ల కిందికి లాక్కున్నాడు. "కూర్చోండమ్మా... అక్కడ గాలి తగులుతుంది, ఇటు..." అంటూ తనే లేచి కుర్చీ ఇవ్వబోయాడు.

"నువ్వు కూర్చో. ఆవిడకి నా కోళ్ళు చూపించాలి" అంది విన్నీ.

"ఈ చలిలో కోళ్ళేమిటే?"

"నా కోళ్ళు, నా చలి. నీకెందుకు?" అని, ఫిడెల్మా మోచెయ్యి పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి నడిపించింది.

కోళ్ళ గూటి పక్కన గాలి అంతగా లేదు. విన్నీ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, సూటిగా అడిగింది. "ఎన్నో నెల?"

ఫిడెల్మా కాదని అబద్ధం చెప్పాలి. చెప్పలేకపోయింది. "నాలుగు" అంది. వెంటనే ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. "అమ్మా, మీకు దండం పెడతాను, మీ ఆయనకి చెప్పకండి. శుక్రవారం దాకా. ఒక్క శుక్రవారం దాకా. తర్వాత ఎవరికి తెలిసినా ఫర్లేదు."

విన్నీ చాలాసేపు ఆమె వంకే చూసింది. ఆ చూపులో జాలి ఉంది, దానికంటే ఎక్కువ కోపం ఉంది. ఆ కోపం తనమీదనే అనుకుని ఫిడెల్మా చెయ్యి వదిలేసింది.

"పిచ్చితల్లీ, నేను చెప్పేదేముంది? మా ఆయనకి గురువారమే తెలుసు. గెరటీకి తెలుసు. ఆ ఇన్‌స్పెక్టరు ముసలాయనకి తెలుసు. ఫోన్లు కలిపే పోస్టాఫీసు మేరీ చెవి పెట్టి వింది గనక, ఇవాళ పూజలో నా వెనక బెంచీ వాళ్ళకి కూడా తెలుసు."

"డాక్టరు చెప్పాడా?"

"డాక్టరు కాదమ్మా" అంది విన్నీ. "మీ ఆయన."

ఫిడెల్మాకి ముందు అర్థం కాలేదు. ఆ మాటలు తెలియని భాషలో చెప్పినట్టు చెవిదాకా వచ్చి ఆగిపోయాయి. కోళ్ళు కాళ్ళ మధ్య తిరుగుతున్నాయి. విన్నీ చెప్తోంది, తలవంచుకుని, పక్కవాళ్ళ తప్పు తను చెప్పాల్సి వచ్చినందుకు సిగ్గుపడుతున్నట్టు.

"ఫోనొచ్చినప్పుడు మా ఆయన పక్కనే నేను నిలబడి విన్నాను. మర్యాదగానే మాట్లాడాడు. కడుపుతో ఉంది, ఒకసారి పోయింది, ఈసారి కూడా పోతే బతకదు అన్నాడు. 'వస్తుంది, అడుగుతుంది, అడగనివ్వండి. బాగా చూసుకోండి. ఓటు మాత్రం వేయకండి. ఓడిపోతే నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత ఇంట్లో ఉంటుంది. నేను చెప్పానని తెలియనివ్వకండి' అన్నాడు. ఏడ్చాడు కూడా. మా ఆయన కరిగిపోయాడు. మొగాడు ఏడిస్తే ఇంకో మొగాడు ఆస్తి రాసిచ్చేస్తాడు."

దిండు. ఎండు రొట్టె. తొమ్మిది మందిని కన్న తల్లి. అన్నీ ఒక్కసారి వరుసలో నిలబడ్డాయి. పొద్దుటినుంచి ఎవరెవరి కళ్ళకో భయపడుతూ కోటు బిగించుకుంది. ఆ ఇళ్ళలో వాళ్ళందరూ ఆమె దాచుకోవడాన్ని చూస్తూ, తెలియనట్టు నటిస్తూ, పిచ్చిపిల్లకి జోల పాడినట్టు మాట్లాడి పంపారు. ఒక్కొక్కరినే తలచుకుని మూసేసిన ఆ సందర్భాల్లో ఫింటన్ పేరు లేనేలేదు. పరిశీలించాలని కూడా తోచలేదు. ఇలాంటి తప్పు మొదటి ఏడాది పిల్లవాడు చేస్తే మార్కులు తీసేస్తుంది తను. నిరూపించకుండా దీన్ని ఎలా ఒప్పుకున్నావు అని ఎర్రసిరాతో రాస్తుంది.

భయం పోలేదు. ఇంకా పెరిగింది, కాకపోతే చోటు మార్చుకుంది. ఇన్నాళ్ళూ బయట ఉందనుకున్నది ఇంట్లో ఉంది, మంచం మీదికి టీ తెచ్చి ఇస్తోంది, ఇంతకుముందే రాతిగోడ పక్కన నుదురు పట్టుకుంది. ఈ దేశంలో విడాకులు లేవు, పెళ్ళికి తిరుగుదారి లేదు. ఇల్లు అతని పేరు మీద ఉంది. పుట్టబోయే బిడ్డ అతనిది. ఇంకో ముప్పై ఏళ్ళు ఆ మంచితనం పక్కన పడుకోవాలి, అది తన తరఫున ఎవరితో ఏం మాట్లాడుతోందో తెలియకుండా. ఆమె కోళ్ళ గూటి చెక్క పట్టుకుంది.

"నేను ఒకప్పుడు బడిపంతులమ్మని, తెలుసా?" అంది విన్నీ ఉన్నట్టుండి. "పెళ్ళి రోజునే పీకేశారు. పెళ్ళయిన ఆడది బడిలో పనిచేయకూడదని అప్పటి చట్టం. చాలా ఏళ్ళకి ఆ చట్టం ఎత్తేసి, పాతవాళ్ళు రావచ్చని మనిషిని పంపారు. నేను పాలు పితుకుతున్నాను. వచ్చినాయనకి మా ఆయన గుమ్మంలోనే చెప్పి పంపించేశాడు, 'ఆవిడకి ఇప్పుడా ఆశ లేదండీ' అని. నాకు నెల తర్వాత తెలిసింది. ఏం చేశాననుకుంటున్నావు? ఏమీ చేయలేదు. ఆ రాత్రి కూర వండాను."

ముందు వాకిట్లో కారు ఇంజను వినిపిస్తూనే ఉంది. ఆమె వచ్చేసరికి లోపల వెచ్చగా ఉండాలని ఫింటన్ దాన్ని ఆపలేదు.

"నాకు భయంగా ఉంది" అంది ఫిడెల్మా.

"ఉంటుంది మరి" అంది విన్నీ. ధైర్యం చెప్పలేదు.

ఫిడెల్మా వెనక తలుపు తోసుకుని వంటింట్లోకి వెళ్ళింది. టైనన్ కంగారుగా లేచాడు. ఆమె కోటు విప్పి కుర్చీ మీద వేసింది. స్వెటరు కూడా విప్పింది. పిన్నీసుతో పట్టి ఉంచిన లంగా, దానిమీద గుండ్రంగా తేలిన పొట్ట, అన్నీ కనిపిస్తున్నాయి. టైనన్ చూపు ఎక్కడ పెట్టాలో తెలియక పొయ్యిలోకి చూశాడు.

"నేను ఓటు అడగడానికి వచ్చానండీ" అంది. గొంతు వణుకుతోంది. వణకనిచ్చింది.

"అమ్మా... అదీ... నేను మాట ఇచ్చేశాను."

"ఎవరికి?"

"మీ ఆయనకే కదమ్మా. మంచి మనసుతో అడిగాడు."

"దరఖాస్తు పెట్టింది నేను. మాట నాకివ్వాలి. ఇస్తారో ఇవ్వరో నా మొహం చూసి చెప్పాలి. బిడ్డ మేలో పుడుతుంది. పరీక్ష పేపర్లు జూన్‌లో వస్తాయి, నేనే దిద్దుతాను. పుట్టకపోవచ్చు కూడా. అప్పుడూ పేపర్లు నేనే దిద్దుతాను, పోయినసారి దిద్దినట్టే. ఇక మీరు అడగాల్సింది ఏమైనా ఉంటే అడగండి."

టైనన్ భార్య వైపు చూశాడు. విన్నీ చేతులు కట్టుకుని తలుపుకి ఆనుకుని నిలబడింది, సాయం చేసే ఉద్దేశం ఉన్నట్టు లేదు. అతను తల గోక్కున్నాడు. ఎద్దుని బేరమాడేటప్పుడు ఆలోచించినట్టు ఆలోచించాడు.

"ఆ ఫాదర్ కంటే మీకు లెక్కలు ఎక్కువొచ్చా?" అన్నాడు చివరికి.

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. కానరీ గారు అడగలేదు, డీన్ అడగలేదు. ఫింటన్ అడగలేదు.

"వచ్చు" అంది.

"ఎంత ఎక్కువ?"

"ఆయన క్లాసులో చెప్పే పుస్తకంలో ఒక సిద్ధాంతం ఉంది. చాలా కష్టమని పిల్లలకి చెప్పకుండా వదిలేస్తాడు. అది నాది."

"ఆలోచించుకోవాలమ్మా" అన్నాడు. గెరటీ మాటకంటే ఈ మాట ఎంతో నయంగా ఉంది ఆమెకి, ఇందులో అబద్ధం లేదు కనుక.

"ఆలోచించుకో. ఈసారి నన్ను కూడా అడిగి ఆలోచించుకో" అంది విన్నీ.

ఆమె కారు తలుపు తీస్తుంటే ఫింటన్ మొహం విప్పారింది, వెంటనే వాడిపోయింది. "కోటేది? చేతిలో పట్టుకున్నావేం? పిచ్చా ఫిడెల్, చలి!" అంటూ దుప్పటి అందుకున్నాడు. ఆమె ఆ దుప్పటిని మడిచి వెనక సీటులో పడేసి కూర్చుంది. అతను ఆమె వంక చూశాడు, వాకిట్లో నిలబడ్డ విన్నీ వంక చూశాడు. అతనికి అర్థమైంది. అర్థమైన క్షణం అతని ముఖం ఎలా మారిందో ఆమె దగ్గరగా చూసింది. దొరికిపోయినవాడి ముఖం కాదది. బాగా చూసుకుంటున్న రోగి మందు ఉమ్మేస్తే నర్సు మొహం అలా ఉంటుంది.

"నీ మంచికే చేశాను ఫిడెల్. ఒట్టు. నిన్ను పోగొట్టుకోలేను."

"తెలుసు" అంది ఆమె. "నా మంచికే చేశావని తెలుసు. నాకింత భయం వేస్తున్నది అందుకే."

అతను స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఎప్పుడూ ఈ చోటుకి వచ్చేసరికి ఆమె చెయ్యి అతని వీపు మీదికి వెళ్ళేది. ఇవాళ వెళ్ళలేదు. అతను ఏడవడం అయ్యేదాకా కూర్చుంది.

"ఎవరెవరికి ఫోన్ చేశావు?"

"ఫిడెల్, ఇంటికి పోదాం. అమ్మ భోజనానికి..."

"ఎవరెవరికి?"

చెప్పాడు. మండలిలో ఆమెకి ఓటు వేస్తారనుకున్నవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి అందులో. ఒక్కరిని కూడా వదల్లేదు. బ్యాంకు మనిషి, పని పద్ధతిగా చేస్తాడు.

"సరే, బండి తియ్యి. ముందు ఇన్‌స్పెక్టరు గారు, తర్వాత గెరటీ. మిగతావాళ్ళ ఇళ్ళకి రేపటినుంచి. ఏ ఇంటి దగ్గరా నువ్వు కారులో కూర్చోవు. నాతో లోపలికి వస్తావు. నేను మాట్లాడతాను, నువ్వు నా పక్కన నిలబడతావు, నోరెత్తకుండా."